గ్రహణం మొర్రి, కుమ్మరి గాడిద

పైపెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి తెలుగునాట "గ్రహణం మొర్రి" అంటారు. జ్వరానికీ దగ్గుకూ లేని విశేషం ఈ పేరులో ఉంది. పేరులోనే కారణం చెప్పేశారు, కారణంతో పాటు ముద్దాయినీ చూపించేశారు. గ్రహణం పట్టిన వేళ ఈ తల్లి వాకిట్లోకి వచ్చి ఉంటుంది. కత్తిపీట ముందు కూర్చుని ఉంటుంది. కదలకుండా వెల్లకిలా పడుకోమంటే పక్కకు ఒత్తిగిలి ఉంటుంది. పురిటి మంచం మీదే విచారణ మొదలవుతుంది. "ఆ రోజు ఏం చేశావమ్మా?" అని అత్తగారు అడుగుతుంది, చూడవచ్చిన పెద్దమ్మలూ పిన్నమ్మలూ అడుగుతారు. ఎంత ఆలోచించినా ఏమీ గుర్తు రాకపోతే దాస్తోందంటారు. ఏదో ఒకటి గుర్తొస్తే ఇక ఆ తప్పు జీవితాంతం ఆమెదే.

అదే ఇంట్లో ఆ బిడ్డకు మేనత్త వరసయ్యే పిల్ల ఒకతె హైస్కూల్లో చదువుతూ ఉంటుంది. పీఎస్ సారు బోర్డు మీద మూడు గుండ్రాలు గీస్తాడు. కాంతి తిన్నగా ప్రయాణిస్తుంది కాబట్టి నీడ పడుతుంది, చంద్రుడి నీడ భూమిని తాకితే సూర్యగ్రహణం, భూమి నీడలోకి చంద్రుడు వెళితే చంద్రగ్రహణం అని రాయిస్తాడు. కొన్నాళ్లకు ఆవర్తన పట్టిక వస్తుంది, అందులో రెండో గడిలో హీలియం ఉంటుంది. మరో పీరియడ్‌లో జీవశాస్త్రం మేడం పిండం ఎలా పెరుగుతుందో చెబుతుంది. మూడు పాఠాలూ వేర్వేరు నోటుపుస్తకాల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోతాయి. నీడ పడితే పెదవి ఎలా చీలుతుందన్న ప్రశ్న ఏ పీరియడ్‌లోనూ రాదు. పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకున్న పిల్ల ఇంటికొచ్చి, గర్భంతో ఉన్న వదినను గదిలో పెట్టి తలుపు వేయడానికి సాయం చేస్తుంది.

మతానికీ విజ్ఞానానికీ తగవు అనగానే సృష్టి ఎప్పుడు జరిగింది, ఆత్మ ఉందా లేదా అంటూ పెద్ద పెద్ద చర్చలు గుర్తొస్తాయి. మన ఇళ్లలో తగవు నిజంగా వచ్చేది మాత్రం ఒక చిన్న మాట దగ్గర. దేన్ని దేనికి కారణం అనవచ్చు? తత్వశాస్త్రంలో ఇది చాలా పాత ప్రశ్న. దీన్ని విడదీసి చూసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

నాయనమ్మ చెప్పింది కాబట్టి గ్రహణమంటే రాహువు మింగడం, పుస్తకంలో ఉంది కాబట్టి నీడ. నిజానికి ఆ హైస్కూలు పిల్లకు రెండూ ఒకే దారిలో వచ్చాయి. మన తార్కికులు దాన్ని శబ్దప్రమాణం అన్నారు, ఉన్నది ఉన్నట్టు చెప్పే ఆప్తుడి మాట వల్ల కలిగే జ్ఞానం. అది చిన్న విషయమేమీ కాదు, లోకంలో మనకు తెలిసినవి చాలావరకు ఆ దారినే తెలుస్తాయి. కానీ ఇద్దరు ఆప్తులు రెండు మాటలు చెప్పినప్పుడు ప్రత్యక్షాన్నీ, అంటే కళ్లతో చూడడాన్నీ, అనుమానాన్నీ, అంటే చూసినదాని నుంచి తర్కించి తేల్చడాన్నీ ఆశ్రయించక తప్పదు. సైన్సు తరగతి ఉన్నది అందుకే. ఒక టార్చి, ఒక బంతి, ఒక గ్లోబు ఉంటే పావుగంటలో తేలే విషయం ఇది. అవీ లేకపోతే పంచాంగం చాలు. సూర్యగ్రహణం ఎప్పుడూ అమావాస్య నాడే వస్తుంది, చంద్రగ్రహణం పున్నమి నాడే వస్తుంది. మింగేవాడు ఒకడుంటే మిగతా తిథుల్లో ఎందుకు మింగడు? మరి ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి. ఆ రెండు దారులూ ఖండించుకునే చోట్లకే మన జ్యోతిషులు రాహువు, కేతువు అని పేర్లు పెట్టుకున్నారు. ఆ బిందువులు వెనక్కి జరుగుతూ ఒక చుట్టు తిరగడానికి 18.6 ఏళ్లు పడుతుంది. పంచాంగంలో గ్రహణం పట్టు, విడుపు వేళలు ముందే అచ్చు వేయగలుగుతున్నారంటే ఆ లెక్క వల్లనే.

ఈ విషయంలో సంప్రదాయమంతా ఒక్క గొంతుతో మాట్లాడిందనుకోవడం పొరపాటు. ఋగ్వేదం ఐదో మండలంలో స్వర్భానుడనే అసురుడు సూర్యుణ్ణి చీకటితో కప్పితే అత్రి మహర్షి మళ్లీ వెలికి తెస్తాడు. పురాణాల్లో అదే అసురుడు అమృతం తాగి, తల తెగి రాహువయ్యాడు. క్రీ.శ. 499 నాటికి ఇరవై మూడేళ్ల ఆర్యభటుడు మాత్రం చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడనీ, భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుందనీ తేల్చి చెప్పాడు. ఆరో శతాబ్దంలో ఉజ్జయినికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే రాహువుకు కేటాయించి, గ్రహణానికి అతడు కారణం కాడని వాదించాడు. చంద్రగ్రహణం పడమటి అంచు నుంచి మొదలుకాదు, సూర్యగ్రహణం తూర్పు అంచు నుంచి మొదలుకాదు, దీనికి నీడ తప్ప మరో సమాధానం లేదన్నాడు. మరి స్నానాలు, దానాలు, హోమాలు? వాటిని ఆయన కొట్టిపారేయలేదు. ఆ వేళ జరిగే దానహోమాల్లో రాహువుకు భాగముండేలా బ్రహ్మ వరమిచ్చాడని చెప్పి ఆచారాన్ని నిలబెట్టాడు. కారణం నీడకు, పూజ రాహువుకు. ఈ విభజన చాలా విలువైనది.

తరువాత వచ్చిన బ్రహ్మగుప్తుడు, 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం రాసిన మహా గణితవేత్త, ఈ దారి పట్టలేదు. రాహువును కాదనడం వేదాలకూ స్మృతులకూ విరుద్ధమని ఆర్యభటుణ్ణి తప్పుపట్టాడు. అదే గ్రంథంలో గ్రహణాన్ని లెక్కగట్టింది మాత్రం నీడ కొలతలతోనే. నాలుగు వందల ఏళ్ల తరువాత, 1030 ప్రాంతంలో, మధ్య ఆసియా పండితుడు అల్‌బిరూనీ ఇది చదివి బాధపడ్డాడు. ఇంత తెలిసిన మనిషి తన మనస్సాక్షికి వ్యతిరేకంగా ఎందుకు మాట్లాడి ఉంటాడా అని ఆలోచించి, సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందన్న పరిస్థితి ఏదో ఉండి ఉంటుందని ఊహించాడు. లెక్కలో ఒకటి, మాటలో ఒకటి. ఇవాళ్టి హైస్కూలు పిల్ల చేస్తున్నదీ అదే. బ్రహ్మగుప్తుడికి ఏ ఒత్తిడి ఉండేదో మనకు తెలియదు గానీ ఈ పిల్ల మీద ఉన్న ఒత్తిడి మనం పెట్టిందే.

ఇక పెదవి సంగతి.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఈనాటికీ దేశమంతటా తర్కం మొదలుపెట్టే విద్యార్థి చేతిలో పెట్టే పుస్తకం. అందులో కారణానికి ఇచ్చిన నిర్వచనం చాలా చిన్నది. కార్యానికి ముందు నియమంగా, అంటే ప్రతిసారీ తప్పకుండా, ఉండేదే కారణం. ముందు ఉన్నంత మాత్రాన చాలదు, అది లేకపోయినా పని జరిగేదైతే దాన్ని అన్యథాసిద్ధం అని పక్కన పెట్టాలి. దీనికి తార్కికులు చెప్పే ఉదాహరణ కుమ్మరి గాడిద. ఈ కుండ చేయడానికి మట్టి మోసుకొచ్చింది గాడిదే కావచ్చు. అయినా కుండకు గాడిద కారణం కాదు, మట్టి ఎలా వచ్చినా కుండ అవుతుంది. మట్టి, సారె, కుమ్మరి మాత్రం లేకపోతే కుండ లేదు. కాకి వాలింది, తాటిపండు పడింది అనే కాకతాళీయ న్యాయం సంస్కృతం రానివాళ్లకూ తెలుసు.

ఈ కొలబద్ద గ్రహణానికి పెట్టి చూడాలి. గ్రహణాలు వచ్చే కాలం సుమారు ఆరు నెలలకోసారి వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ భూమి మీద ఎక్కడో ఒకచోట కనీసం ఒక సూర్యగ్రహణమైనా తప్పదు, ఏడాదికి రెండుకు తగ్గవు. అంటే తొమ్మిది నెలలు మోసిన ప్రతి తల్లీ ఏదో ఒక గ్రహణ కాలం దాటి వచ్చినదే. ఈ వాక్యం చదువుతున్నవాళ్లంతా ఏదో ఒక గ్రహణం వేళ తల్లి కడుపులో ఉన్నవాళ్లే. తెలుగునాట కనబడిన గ్రహణాలనే లెక్కలోకి తీసుకుందామన్నా, ఆ వేళ పొలంలో కూలికి వెళ్లిన గర్భిణులు, ఆసుపత్రుల్లో డ్యూటీ చేసిన నర్సులు, గ్రహణం పట్టిందని తెలియనే తెలియని పరదేశపు తల్లులు ఎందరో ఉంటారు. వాళ్లలో దాదాపు అందరి పిల్లల పెదవులూ చీలలేదు. ఇంకోవైపు గదిలో తలుపు వేసుకుని పడుకున్న తల్లికీ చీలిన పెదవితో బిడ్డ పుడుతోంది. ప్రపంచంలో సుమారు 700 కాన్పుల్లో ఒక బిడ్డ పెదవి గానీ అంగిలి గానీ చీలి పుడుతుందని వైద్యుల అంచనా. గ్రహణాల మాటే వినని సమాజాల్లోనూ, గ్రహణాన్ని టెలిస్కోపుతో పండుగలా చూసే దేశాల్లోనూ అలాంటి పిల్లలు పుడుతూనే ఉన్నారు. నియమమూ లేదు, అవసరమూ లేదు. తర్కసంగ్రహం ప్రకారం గ్రహణం ఇక్కడ గాడిద కూడా కాదు. గాడిద కనీసం మట్టి మోసింది.

జీవశాస్త్రం ఇంకాస్త లోపలికి తీసుకెళుతుంది. పిండంలో ముఖం ఒక్కసారిగా అచ్చుపోసినట్టు రాదు. తల రెండు పక్కల నుంచీ కణజాలం మధ్యకు పెరుగుతూ వచ్చి, ముక్కు కింద ఒకదానితో ఒకటి కలిసి అతుక్కుంటుంది. మనందరి పైపెదవి మీద, ముక్కు కింద ఉండే చిన్న పల్లం ఆ నిర్మాణానికి గుర్తు. పెదవి ఏర్పడేది గర్భం దాల్చిన నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంగిలి ఆరో వారానికీ తొమ్మిదో వారానికీ మధ్య మూసుకుంటుంది. ఆ కలయిక ఎక్కడైనా పూర్తికాకపోతే చీలిక మిగులుతుంది. కాబట్టి ఎవరూ దేన్నీ "కోయలేదు", రెండు అంచులు కలవలేదు, అంతే. చాలామంది తల్లులకు నెల తప్పిందన్న అనుమానం రూఢి అయ్యే వేళకే ఈ పని నడుస్తూ ఉంటుంది. ఐదో నెలలో గ్రహణం వచ్చిందని కోడల్ని మంచానికి అంటిపెట్టే ఇంట్లో, ఆ బిడ్డ పెదవి కలవడమో కలవకపోవడమో జరిగి అప్పటికి మూడు నెలలు. సీమంతం నాటి గ్రహణానికి ఆ పెదవి మీద ఏ అధికారమూ లేదు. ఈ ఒక్క తేదీల లెక్క పదో తరగతి పిల్లకు చెప్పి ఉంటే ఆమె ఆ తలుపు వేయడానికి సాయం చేసేది కాదు.

అయితే ఎందుకు కలవలేదు? కొంత వంశపారంపర్యం. గర్భానికి ముందు నుంచే ఉన్న మధుమేహం, పొగతాగడం, మొదటి నెలల్లో వాడిన కొన్ని మూర్ఛ మందులు అపాయాన్ని పెంచుతాయని తెలుసు. కానీ ఈ ఇంట్లో, ఈ బిడ్డకే ఎందుకు జరిగిందో చాలాసార్లు వైద్యుడు చెప్పలేడు. ఇక్కడే పెద్దవాళ్లకు పట్టు దొరుకుతుంది. "చూశారా, మీ సైన్సుకే తెలియదు" అంటారు. తెలియదన్న మాట నిజమే, దాన్ని దాచకూడదు. ఆ ఖాళీని ఎవరు దేనితో నింపవచ్చన్నదే అసలు ప్రశ్న.

దీనికి గుంటూరు ఒక జవాబు చెప్పింది. 1835లో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోంట్ నక్షత్రాల గురించి రాస్తూ, వాటి దూరం కొలవగలమేమో, అవి ఏ పదార్థంతో తయారయ్యాయో మాత్రం మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడన్నాడు. కోంట్ మతవాది కాడు, విజ్ఞానాన్ని నమ్మినవాడే. 1857లో ఆయన చనిపోయాడు. మరో రెండేళ్లకే జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే శాస్త్రవేత్తలు ప్రతి మూలకం వేడెక్కినప్పుడు తనదైన రంగుగీతలు చూపుతుందని కనిపెట్టారు. స్కూలు ల్యాబులో చిటికెడు ఉప్పు మంటలో వేస్తే పసుపుపచ్చగా వెలుగుతుంది, అది సోడియం చేతిరాత. సూర్యకాంతిలోనూ అలాంటి రాత చదవవచ్చు, సూర్యుడి అంచున ఉన్నవాటి రాత చదవాలంటే మాత్రం మధ్యభాగం మిరుమిట్లు కాసేపు అడ్డు తొలగాలని అప్పట్లో అనుకునేవారు. అడ్డు తొలిగే వేళ సంపూర్ణ సూర్యగ్రహణం. 1868 ఆగస్టు 18న ఆ చీకటి తెలుగు నేల మీదుగా నడిచింది. ఫ్రాన్సు నుంచి ఖగోళవేత్త జాన్సెన్ వచ్చి గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు నుంచి మరో ఖగోళవేత్త పాగ్సన్ బందరు వెళ్లాడు. చంద్రుడి అంచు చుట్టూ ఎర్రగా ఎగసిన జ్వాలల్ని వర్ణపటదర్శినితో చూస్తే అవి వాయువులని, ముఖ్యంగా హైడ్రోజన్ అని తేలింది. అంత ప్రకాశంగా ఉన్న ఆ గీతలు గ్రహణం లేకపోయినా కనబడతాయని జాన్సెన్‌కు తట్టింది, మర్నాడే గుంటూరులోనే మామూలు ఎండలో చూసి నిరూపించాడు. ఆ గ్రహణంలో కనబడిన ఒక పసుపు గీతను మొదట సోడియం అనుకున్నారు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళవేత్త ఆ గీత సోడియం స్థానంలో పడడం లేదని గమనించాడు. భూమి మీద ఎవరూ చూడని మూలకం సూర్యుడిలో ఉందన్నమాట. గ్రీకులో సూర్యుడి పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి దాన్ని బయటికి తీసేదాకా నమ్మనివాళ్లు నమ్మలేదు. ఇరవై ఏడేళ్లు ఆ గీత కారణం కోసం ఎదురుచూసింది.

ఎన్నటికీ తెలియదన్నది ముప్పై మూడేళ్లు తిరిగేసరికి గుంటూరులో కళ్లకు కట్టింది. అలాగే, తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోవడం వల్లనే తెలిసింది. ఆ గీతకు సోడియం అనే పేరు తగిలించి తృప్తిపడి ఉంటే హీలియం దొరికేది కాదు. చీలిన పెదవికి గ్రహణం అనే పేరు తగిలించి మనం వందల ఏళ్లుగా తృప్తిపడి ఉన్నాం. ఆవర్తన పట్టికలో రెండో గడి దగ్గర ఆగి గుంటూరు పేరు చెప్పని తెలుగు పాఠం అసంపూర్తి పాఠమే.

అయినా తల్లి అడిగే ప్రశ్న రసాయనశాస్త్రంతో తీరేది కాదు. ఆమె అడిగేది కణజాలం గురించి కాదు, "నాకే ఎందుకు?" అని. జన్యువులు, యాదృచ్ఛికత అనే జవాబు సరైనదే గానీ అది ఎవరి కన్నీరూ తుడవదు. మతం ఇక్కడ మాట్లాడడానికి వస్తుంది, రావాలి కూడా. ఆ మాట ఓదార్పుగా ఉండాలి. మన ఇళ్లలో ఎక్కువగా వినబడేది పూర్వజన్మ పాపం అన్న తీర్పు. శివకుడనే పరివ్రాజకుడు ఈ సంగతే బుద్ధుణ్ణి అడిగినట్టు సంయుత్త నికాయంలో ఉంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లే అనేవాళ్ల గురించి ఏమంటారు అని. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఋతువుల మార్పు వల్ల కూడా బాధలు వస్తాయని బుద్ధుడు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. కర్మను ఆ వరుసలో చివర చేర్చాడు. అన్నీ కర్మ వల్లే అనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ, లోకానికి తెలిసినదాన్నీ దాటి మాట్లాడుతున్నారన్నాడు. కర్మను నమ్మిన మహానుభావుడే ఈ హద్దు గీశాడు. ఆ హద్దు లోపల నిలబడి ఓదార్చడం ఏ పురోహితుడికీ, ఏ పెద్దమ్మకీ కష్టం కాదు.

ఆచారాల మీద యుద్ధం ప్రకటించమని ఎవరూ అనడం లేదు. గ్రహణం విడిచాక కృష్ణలోనో గోదావరిలోనో మునిగి, పిడికెడు బియ్యం దానం చేసి, జపం చేసుకునేవాడికి నీడ లెక్క ఏ మాత్రం అడ్డురాదు. వరాహమిహిరుడికి రాలేదు. గ్రహణం నాడు తిరుమలలో గుడి తలుపులు మూస్తారు. అదే తిరుపతి జిల్లాలో శ్రీకాళహస్తిలో గుడి తెరిచే ఉంచి పూజలు చేస్తారు. రెండూ ఆయా క్షేత్రాల సంప్రదాయాలే, రెండూ గౌరవించదగ్గవే. గ్రహణపు కిరణాల్లో విషమే ఉంటే అది ఈ గుడికి ఒకటి, ఆ గుడికి ఒకటి అయ్యేది కాదు. అన్నం మీద దర్భ వేసుకోవచ్చు. అన్నం పాచిపోయేది మాత్రం వేడి వల్ల, గడిచిన గంటల వల్ల. నిండు గర్భిణిని గంటల తరబడి నీళ్లు కూడా ముట్టనీయకుండా ఉంచడం వేరే సంగతి. అక్కడ ఆచారం ఒక ప్రాణి శరీరం మీదకు వస్తోంది, ఆగవలసింది అక్కడే.

సూర్యగ్రహణాన్ని ఒట్టికళ్లతో చూడకూడదన్న పెద్దల మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఎండ తగ్గినట్టు ఉండడంతో కన్ను మూసుకోదు, మిగిలిన సన్నటి అంచు వెలుగు రెటీనాను కాలుస్తుంది, రెటీనాకు నొప్పి తెలియదు. సరైన సౌర ఫిల్టరు పెట్టుకుంటే ఎవరైనా చూడవచ్చు, గర్భిణి కూడా. చంద్రగ్రహణానికి ఆ ఫిల్టరూ అక్కర్లేదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పాలమూరు, నల్లగొండల మీదుగా సాగినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర శాస్త్రజ్ఞులు ఆ కొద్ది క్షణాల కోసం కాచుకుని ఉన్నారు. ఊళ్లలో వీధులు ఖాళీ. జనాన్ని ఇళ్లలో ఉంచడానికి దూరదర్శన్ సినిమా వేసింది. ఒక తరం పిల్లలకు జీవితంలో ఒక్కసారి దక్కే ప్రత్యక్షప్రమాణం తలుపు అవతలే గడిచిపోయింది. సంపూర్ణ గ్రహణం ఒకే చోట మళ్లీ రావడానికి సగటున మూడు వందల ఏళ్లకు పైనే పడుతుంది.

2027 ఆగస్టు 2న మన దేశంలో పాక్షిక సూర్యగ్రహణం కనబడుతుంది. దానికి ముందే సైన్సు ఉపాధ్యాయులు ఒక పని చేయాలి. భౌతికం, రసాయనం, జీవం మూడు పాఠాలూ ఒక్క పీరియడ్‌లోకి తెచ్చి, గ్రహణం మొర్రి అనే మాట బోర్డు మీద రాసి, ఇందులో ఏది నిజమో తేల్చమని పిల్లల్నే అడగాలి. తేల్చగలరు. ఆ తరువాత ఆ మాట చెరిపేసి "పెదవి చీలిక" అని రాయాలి.

పెదవి చీలికను శస్త్రచికిత్సతో సరిచేస్తారు, సాధారణంగా బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల వయసులో. అంగిలి చీలికకు ఏడాదిన్నర లోపు చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ చీలికలను కూడా చేర్చారు, ప్రభుత్వాసుపత్రి ద్వారా ఆపరేషన్ ఉచితంగా దొరుకుతుంది. అంతవరకు బిడ్డకు చనుబాలు పట్టి తాగడం కష్టం కావచ్చు, ముఖ్యంగా అంగిలి చీలినప్పుడు. తల ఎత్తి పట్టుకుని, పిండిన తల్లిపాలు ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టడం డాక్టరు గానీ నర్సు గానీ నేర్పుతారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి బిడ్డ పుడితే, ఆ రోజు ఏం చేశావని తల్లిని అడగకండి. బిడ్డకు పాలు అందుతున్నాయా అని అడగండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి.